ఇస్లాం రాకముందు ఆఫ్రికాలో పట్టణాలే లేవా? గైడ్‌లో రాసింది నమ్మాలా?

పాలకొల్లు_పాప
దూరవిద్యలో ఎం.ఏ. హిస్టరీ చేస్తున్నాను. ఆఫ్రికా మీద ఉన్నది ఒకే ఒక్క చాప్టర్. బజార్లో దొరికే ఒక గైడ్ కొంటే మొదటి పేజీలోనే ఒళ్లు మండింది. సహారాకి దక్షిణాన ఇస్లాం రాకముందు చెప్పుకోదగ్గ పట్టణాలు గానీ రాజ్యాలు గానీ లేవట. అరబ్బులు కత్తి పట్టుకొచ్చి మతమూ నాగరికతా రెండూ ఇచ్చి వెళ్లారట. వెయ్యేళ్ల కథని రెండు పేరాల్లో చుట్టేశారు.

పేజీ తిప్పితే అదే గైడ్‌లో ఇంకో మాట. ఘనా రాజు కొలువులో ముస్లిం మంత్రులు ఉండేవారు, రాజు మాత్రం మతం మారలేదు అని. కత్తితో గెలిచినవాళ్లు ఓడినవాడి దగ్గర కొలువు చేస్తారా? ఇది పదిహేను మార్కుల ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు దింపి రావడానికి మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సీమ_బిడ్డ
గైడ్‌ని మొత్తంగా తీసిపారేయకండి. 639లో అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ ఈజిప్టుకి వచ్చింది సైన్యంతో. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ ఇప్పటి ట్యునీషియాలో కైరవాన్ కట్టింది సైనిక స్థావరంగా. అక్కడి స్థానిక తెగలైన బెర్బర్ల నాయకురాలు కాహినా ఎదురు తిరిగి యుద్ధంలోనే చనిపోయింది. ఇదంతా కత్తి కాకపోతే ఏంటి?

పాత_నాణేలు
సీమ గారూ, మీరు చెప్పిందంతా మధ్యధరా తీరం. ఆ అమ్మాయి అడిగింది సహారాకి దక్షిణం గురించి. మధ్యలో రెండు నెలల ఎడారి ప్రయాణం ఉంది.

సీమ_బిడ్డ
ఆఫ్రికా అంటే ఖండం మొత్తం అండీ. ఉత్తరాన్ని పక్కన పెట్టేసి శాంతంగా వచ్చింది అంటే అది ఇంకో గైడ్ అవుతుంది.

మెకెల్లే_మాస్టారు
ఇథియోపియాలో కొన్నేళ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాణ్ణి. అక్కడ మన తెలుగు లెక్చరర్లు చాలామందే ఉండేవాళ్లు. అక్కడి విషయం చెబుతాను.

ఆఫ్రికాలో మొదట కాలుపెట్టిన ముస్లింలు కాందిశీకులు. 615 ప్రాంతంలో, మక్కాలో వేధింపులు ఎక్కువైనప్పుడు ముహమ్మద్ ప్రవక్త తన అనుచరుల్లో కొందరిని ఎర్ర సముద్రం దాటి అక్సుమ్ రాజ్యానికి, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు, వెళ్లమన్నారు. అక్కడ రాజు క్రైస్తవుడు, అరబ్బులు నజాషీ అనేవారు. మక్కా పెద్దలు కానుకలతో మనుషుల్ని పంపి వీళ్లని అప్పగించమని అడిగితే రాజు ఒప్పుకోలేదని ముస్లిం సంప్రదాయం చెబుతుంది. మదీనాకి వలస వెళ్లింది 622లో. అంటే ఆఫ్రికాలో ఆశ్రయం దొరికింది దానికంటే ముందే.

ఇక రాజ్యాలు లేవన్న మాట. అక్సుమ్ రాజులు 3వ శతాబ్దం నుంచే సొంత బంగారు నాణేలు కొట్టించారు. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం తీసుకున్నాక నాణేల మీద శిలువ వచ్చింది. గైడ్ రాసినాయన ఈ ఒక్క నాణెం చూసినా ఆ వాక్యం రాసేవాడు కాదు.

ఉత్తర ఇథియోపియాలోని మెకెల్లేకి ఉత్తరాన నెగాష్ అని చిన్న ఊరు ఉంది. ఆ రాజు సమాధి, ఆ కాందిశీకుల సమాధులు అక్కడే ఉన్నాయని నమ్ముతారు. మేము వెళ్లినప్పుడు మసీదు చూసుకునే పెద్దాయన మా పేర్లూ మతమూ ఏమీ అడగలేదు, ముందు కూర్చోబెట్టి కాఫీ పోయించాడు. అదే ఊళ్లో చర్చి కూడా ఉంది. 2020 చివర్లో టిగ్రాయ్ యుద్ధంలో ఆ మసీదు బాగా దెబ్బతిందని విన్నప్పుడు నాకు అన్నం సహించలేదు.

విశాఖ_వాసి
మాస్టారూ, మన ఆంధ్రా యూనివర్సిటీలో ఇథియోపియా నుంచి వచ్చి పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎంతమందో. మా వీధిలో అద్దెకున్న అబ్బాయి హరార్ దగ్గరివాడు. హరార్ పాత కోటలోపల 82 మసీదులు ఉంటాయి, మూడు 10వ శతాబ్దానివి. కోట గోడ లోపల ఊరు మొత్తం నడిచి తిరిగేంతే, అందులో అన్ని.

తవ్వకాల_పిచ్చి
పట్టణాలు లేవన్నదానికి నా జవాబు జెన్నే-జెనో.

మాలి దేశంలో జెన్నే మట్టి మసీదు ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఆ ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద దిబ్బ ఉంది. 1977లో సుసాన్, రోడెరిక్ మెకింతోష్ దంపతులు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టేవరకు పుస్తకాలన్నీ ఈ గైడ్ పాటే పాడాయి. పట్టణాలు అరబ్ వ్యాపారంతోనే పుట్టాయని. తవ్వితే తేలిందేంటి? క్రీ.పూ. 250 నుంచే అక్కడ జనం ఉన్నారు. క్రీ.శ. 800 నాటికి ఊరు 33 హెక్టార్లు, అంటే 80 ఎకరాల పైమాట. చుట్టూ రెండు కిలోమీటర్ల గోడ.

ఇంకా ఆసక్తికరమైంది ఏంటంటే, ఆ వరద మైదానంలో రాయి లేదు, ఇనుప ఖనిజం లేదు, రాగి లేదు. అయినా కొలిమి చిట్టెం కుప్పలుగా దొరికింది, రాగి ఆభరణాలు దొరికాయి, బంగారు చెవిపోగు దొరికింది. వరి, ఎండు చేప పడవల్లో పంపి, లోహం తెప్పించుకునేవాళ్లన్నమాట. ఆ వరి కూడా ఆసియా నుంచి వచ్చింది కాదు, ఆఫ్రికాలోనే సాగులోకి వచ్చిన వేరే జాతి. ఇంత ఊళ్లో ఎక్కడా రాజభవనం కనిపించలేదు. చుట్టూ చిన్న చిన్న దిబ్బలు, ఒకదాంట్లో కమ్మరులు, ఇంకోదాంట్లో జాలర్లు, అలా పక్కపక్కనే ఉండి ఊరు నడుపుకున్నారు.

పాలకొల్లు_పాప
వరి, చేప, వరద, పడవలు. అచ్చం మా గోదావరి డెల్టాయే! దీన్ని మొదటి పేరాలో పెట్టేస్తా. థాంక్స్ అండీ.

కృష్ణలంక_కుమార్
జెన్నే మసీదు అంత పాతదా? ఆ బిల్డింగ్ అప్పటిదేనా?

తవ్వకాల_పిచ్చి
కుమార్ గారూ, ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది, పాత మసీదు ఉన్నచోటే కట్టారు. మొదటిది 13వ శతాబ్దంలో జెన్నే రాజు కోయ్ కొన్‌బొరో ఇస్లాం తీసుకున్నాక తన భవనం పడగొట్టి కట్టించాడని 17వ శతాబ్దపు టింబక్టు చరిత్రకారుడు రాశాడు. మట్టి గోడ కదా, వానలకి కరుగుతుంది. అందుకే ఏటా ఊరంతా కలిసి పూత పూస్తారు. గోడల్లోంచి తాటి దూలాలు బయటికి పొడుచుకుని ఉంటాయే, వాటిమీదే ఎక్కి పూస్తారు. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రాళ్లు బురద తట్టలతో నిచ్చెనలెక్కుతారు, మేస్త్రీలు అరచేత్తో మెత్తుతారు.

సీమ_బిడ్డ
పట్టణాల సంగతి ఒప్పుకుంటా. ముందునుంచీ నేను మాట్లాడేది కత్తి సంగతి. ఘనా రాజ్యాన్ని 1076లో అల్మొరావిద్‌లు, అంటే ఎడారి బెర్బర్ల మత ఉద్యమం వాళ్లు, జయించి మతం మార్చారని ప్రతి పుస్తకంలోనూ ఉంది. దానికేమంటారు?

పాత_నాణేలు
దానికి ముందు ఘనా ఎలా ఉండేదో చెప్పాలి. పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిక పట్టండి.

ఇది ఇప్పటి ఘనా దేశం కాదు, మౌరిటానియా దక్షిణ భాగం, మాలి పశ్చిమ భాగం కలిసిన చోటు. సొనింకే ప్రజల రాజ్యం, వాళ్ల నోట వగాడు. 1068లో కొర్డోబాలో అల్ బక్రీ అనే పండితుడు దీని గురించి రాశాడు. ఆయన స్పెయిన్ దాటలేదు, వెళ్లొచ్చిన వర్తకుల్ని అడిగి, పాత రాతలు చూసి రాశాడు. అయినా ఎంత వివరంగా రాశాడో.

రాజధాని అంటే రెండు ఊళ్లు. ఒకటి ముస్లింలది, అందులో 12 మసీదులు, జీతాలు తీసుకునే ఇమాములు, ముఅజ్జిన్‌లు. ఆరు మైళ్ల అవతల రాజుగారి ఊరు, దాని చుట్టూ పవిత్రమైన తోపు. అందులో పూజారులు, విగ్రహాలు, పాత రాజుల సమాధులు. పైవాళ్లెవరూ లోపలికి పోకుండా కాపలా. రెండు ఊళ్ల మధ్య దారి పొడవునా ఇళ్లే. రాజుగారి ఊళ్లో కూడా న్యాయస్థానం దగ్గర ఒక మసీదు ఉండేది, పని మీద వచ్చే ముస్లింల నమాజు కోసం.

రాజు పేరు తుంకా మనిన్, 1063లో గద్దెనెక్కాడు. కొలువు తీరితే గుర్రాలకి బంగారు జలతారు గుడ్డలు, కాపలా కుక్కల మెడలో బంగారు, వెండి పట్టీలు. జనం రాజు ముందు మోకరిల్లి నెత్తిన మట్టి చల్లుకోవాలి. ముస్లింలకి మినహాయింపు, వాళ్లు చప్పట్లు చరిస్తే చాలు. ఖజానా అధికారి, దుబాసీలు, మంత్రుల్లో ఎక్కువమంది ముస్లింలే.

ఎందుకంటే లెక్క రాసేది వాళ్లు. గాడిద మోత ఉప్పు లోపలికి వస్తే ఒక బంగారు దీనారు సుంకం, బయటికి పోతే రెండు. గనుల్లో దొరికిన బంగారు ముద్దలు రాజువి, పొడి జనానిది. ముద్దలు కూడా జనానికి వదిలేస్తే బంగారం విలువ పడిపోతుందని ఆ ఏర్పాటు. ఇంత లావాదేవీ నడవాలంటే చదువూ రాతా కావాలి, మొరాకో వైపు సిజిల్మాసా పట్టణంలో ఉన్న భాగస్వామికి ఉత్తరం రాయగలవాడు కావాలి. రాజుకి ఆ మనుషులు కావాలి, తన తోపు కూడా కావాలి. రెండూ ఉంచుకున్నాడు.

నీలాంబరి
ఇదే అల్ బక్రీ రాసిన ఇంకో సంగతి మీరు వదిలేశారు. తుంకా మనిన్‌కి ముందు రాజు ఆయన మేనమామ. అక్కడ రాజ్యం మేనల్లుడికే దక్కుతుంది. కారణం కూడా చెప్పాడు, అక్క కొడుకు అక్క కొడుకే అన్న నమ్మకం ఉంటుంది కదా అని.

కృష్ణలంక_కుమార్
మేనమామకి అక్కడా అంత ప్రాధాన్యం ఉందన్నమాట, సంతోషం. మా మేనల్లుళ్లకి ఈ పోస్ట్ చూపించను.

పాత_నాణేలు
ఇప్పుడు 1076. సీమ గారూ, అల్మొరావిద్‌లు 1054లో అవ్‌దఘుస్త్ అనే వర్తక పట్టణం మీద పడ్డది నిజం, సమకాలీనుడైన అల్ బక్రీయే రాశాడు. కానీ ఘనాని జయించారన్న కథ మూడు శతాబ్దాల తర్వాత చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ నాటికి గానీ స్పష్టంగా కనిపించదు. 1982లో కాన్రాడ్, ఫిషర్ అనే ఇద్దరు చరిత్రకారులు అరబ్బీ ఆధారాలన్నీ ఒక్కొక్కటే తిరగేసి, జయించిన సాక్ష్యం ఎక్కడా లేదని వాదించారు. 1154లో అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు రాసేనాటికి ఘనా రాజు ముస్లిం, రాజ్యం కళకళలాడుతోంది.

సీమ_బిడ్డ
సాక్ష్యం లేదనడం వేరు, జరగలేదనడం వేరు. వాళ్ల వాదన ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. పక్క పట్టణం మీద సైన్యం పడ్డాక ఈ రాజు ప్రశాంతంగా కూర్చుని ఆలోచించి మతం మారాడంటే నేను నమ్మను. భయం కూడా ఒత్తిడే.

పాత_నాణేలు
ఒత్తిడి ఉందంటే కాదనను. "జయించి మార్చారు" అన్న వాక్యానికే నా అభ్యంతరం.

మెకెల్లే_మాస్టారు
ఇద్దరి మాటా రాయొచ్చు పాపా. "చరిత్రకారుల్లో భేదాభిప్రాయం ఉంది" అని కారణాలతో రాస్తే దిద్దేవాళ్లు మార్కులు వేస్తారు. నేనైతే వేస్తాను.

నీలాంబరి
రాజులు ఎందుకు మారారో చూపించడానికి పశ్చిమాఫ్రికాలోని మలల్ అనే రాజ్యపు రాజు కథ బాగుంటుంది. ఇదీ అల్ బక్రీ రాసిందే. ఏళ్ల తరబడి వానల్లేవు. పశువులు అంతరించేదాకా బలులిచ్చారు, చినుకు పడలేదు. రాజు దగ్గర ఒక ముస్లిం అతిథి ఉండేవాడు. రాజు తన బాధ చెప్పుకుంటే, మీరు మా దేవుణ్ణి నమ్మితే ప్రార్థిస్తానన్నాడు. కొన్ని సూరాలు నేర్పించి, గురువారం రాత్రి స్నానం చేయించి నూలు బట్ట కట్టించి ఇద్దరూ ఒక గుట్ట ఎక్కారు. ఆయన ప్రార్థన చేస్తుంటే రాజు కుడిపక్కన నిలబడి చూసి చూసి అలాగే చేశాడు. తెల్లవారేసరికి కుండపోత.

రాజు విగ్రహాలు పగలగొట్టించాడు. రాజూ, ఆయన వంశమూ, దొరలూ ముస్లింలయ్యారు. సామాన్య జనం మాత్రం పాత మతంలోనే ఉండిపోయారని అల్ బక్రీ చివర్లో రాస్తాడు. నాకు ఆ చివరి వాక్యమే ముఖ్యం. పశ్చిమాఫ్రికాలో కొన్ని వందల ఏళ్లపాటు ఇదే పరిస్థితి. కోట ముస్లిం, బజారు ముస్లిం, పొలాలు పాత దేవతలవి.

లెక్కల_టీచర్
వాన కురవకపోతే బలులిచ్చి, ఆ తర్వాత కొత్త దేవుడికి మొక్కడం... మనుషులు అంతటా ఒకటే.

తవ్వకాల_పిచ్చి
నీలాంబరి గారు చెప్పినదానికి ఆర్థిక కారణం కూడా ఉంది. ఘనా తర్వాత ఎదిగిన మాలి సామ్రాజ్యపు రాజులు బంగారు గనుల ప్రాంతం మీద ఇస్లాంని రుద్దబోతే అక్కడ బంగారం దిగుబడి పడిపోయిందట. దాంతో కప్పం కట్టండి చాలు, మీ మతం మీదేనని వదిలేశారు. ఈ మాట 14వ శతాబ్దంలో కైరోలో అల్ ఉమరీ రాశాడు.

ఇంకొకటి, సైన్యం వెళ్లాలన్నా గుర్రం కావాలి. గడ్డి మైదానం దాటి తేమ అడవుల వైపు పోతే త్సెత్సె ఈగ కుట్టి గుర్రాలు చచ్చిపోతాయి. కాబట్టి అక్కడికి మతం వెళ్లిందంటే నెత్తిన కోలా కాయల గంప, సంచిలో ఉప్పు పెట్టుకున్న వర్తకుడితోనే. వంగారా, జులా అనే మాండే వర్తక కుటుంబాలు అవి. ఒక్కో ఊళ్లో నాలుగిళ్లు కట్టుకుని, పిల్లలకి ఖురాన్ చెప్పుకుంటూ, స్థానిక రాజుకి తావీజులు రాసిస్తూ బతికారు.

వాళ్లకి ఒక సిద్ధాంతకర్త ఉన్నాడు, అల్ హజ్ సలీం సువారీ. ముస్లిమేతర రాజు కింద నిక్షేపంగా బతకొచ్చు, ఎవరు ఎప్పుడు మారాలో దేవుడి చిత్తం, తొందరపెట్టి యుద్ధం చేయడం మన పని కాదు, మన పని మంచి నడవడి చూపించడం, చదువు తప్పకపోవడం. ఇదీ ఆయన బోధ. పశ్చిమాఫ్రికా ఇస్లాం గురించి ఒక్క పేరే రాయగలిగితే నేను మాలి చక్రవర్తి మన్సా మూసాని వదిలేసి ఈయన పేరు రాస్తాను.

కృష్ణలంక_కుమార్
మన్సా మూసాని వదిలేస్తే ఎలాగండీ! ఆయన ఇప్పుడు ఒక్కసారి గవర్నర్‌పేట బజారుకి వచ్చి వెళ్తే అక్షయ తృతీయకి మా ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.

పాత_నాణేలు
తగ్గడం ఖాయం కుమార్ గారూ. 1324లో హజ్‌కి వెళ్తూ కైరోలో ఆగి పంచిన బంగారానికి అక్కడ మిత్ఖాల్ (బంగారు తూకం) ధర 25 వెండి దిర్హముల నుంచి 22కి దిగింది. పన్నెండేళ్లయినా కోలుకోలేదని అల్ ఉమరీ లెక్క.

కానీ అల్ ఉమరీ రాసినవాటిలో నాకు నచ్చింది వేరే. ఈజిప్టు సుల్తాను ముందు వంగి నేల ముద్దాడాలంటే మూసా ససేమిరా అన్నాడు. చివరికి నన్ను పుట్టించిన దేవుడికి మొక్కుతున్నానని చెప్పి వంగాడట. తన రాజ్యంలో అందమైన ఆడపిల్లల్ని నికా లేకుండా అంతఃపురానికి పంపే ఆచారం ఉందని మాటల్లో చెబితే, ముస్లింకి అది తగదని అక్కడి అధికారి అన్నాడు. రాజులకి కూడానా అని అడిగాడు. రాజులకి కూడా అని జవాబు. నాకు తెలియదు, ఇక మానేస్తాను అన్నాడు మూసా. రాజకుటుంబం మారి తరాలు గడిచాక కూడా మతం ఇంకా ఇలా నేర్చుకుంటూనే ఉంది.

నీలాంబరి
1352-53లో ఇబ్న్ బతూతా కూడా ఇదే చూశాడు. ఆయన మొరాకో పండితుడు, మన ఢిల్లీలో తుగ్లక్ దగ్గర ఖాజీగా చేసినవాడు. మాలిలో శుక్రవారం నమాజుకి పెందలాడే వెళ్లకపోతే చోటు దొరకదని, అందుకే కుర్రాడితో ముందే చాప పంపి చోటు పట్టుకుంటారని రాశాడు. ఒక పండగ రోజు ఖాజీ ఇంటికి వెళ్తే పిల్లలకి సంకెళ్లు. ఖురాన్ కంఠస్థం అయ్యేదాకా విప్పనని ఖాజీ అన్నాడట.

అదే పండగ రోజు సుల్తాన్ కొలువులో కవులు ఒంటినిండా ఈకలు కట్టుకుని, ఎర్ర ముక్కున్న పక్షి తల తగిలించుకుని వచ్చి, ఈ సింహాసనం మీద పూర్వం ఫలానా రాజు కూర్చుని ఈ మంచి చేశాడు, నువ్వూ చెయ్యి అని పాడారు. ఇస్లాంకి ముందునుంచీ ఉన్న ఆచారమని బతూతాకే చెప్పారు. పొద్దున నమాజు, ఆపైన పక్షి వేషాల కవులు. ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క బతూతాకి తప్ప. ఎడారి అంచున ఉన్న వలాటా ఊళ్లో ఆడవాళ్లు పరాయి మగవాళ్లతో స్నేహంగా మాట్లాడుకుంటుంటే, అది ఖాజీ ఇల్లే అయ్యేసరికి ఆయనకి మతి పోయింది. వాళ్లు నీ దేశంలో ఆడవాళ్లలాంటి వాళ్లు కారు అని ఇంకో ఇంటాయన ముఖం మీదే చెప్పేశాడు.

సీమ_బిడ్డ
అంతా బాగానే ఉంది. బంగారం, ఉప్పు, కవులు, చాపలు. ఎడారి దాటించిన ఇంకో సరుకు మనుషులు. ఇంతసేపట్లో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

బతూతా మాలి నుంచి తిరిగి వెళ్లిన బిడారులో ఆరువందల మంది బానిస స్త్రీలున్నారని ఆయనే రాశాడు. వర్తకం అనగానే శాంతం అనుకోవడం నాకు మింగుడుపడదు. కత్తి ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంది, మన పుస్తకాల్లో బిడారు బయల్దేరిన చోటు నుంచే కథ మొదలుపెడతాం కాబట్టి కనిపించదు.

చార్మినార్_చాయ్
సీమ అన్నా, ఈ మాట చెప్పినందుకు షుక్రియా. ముస్లింగా నేనే చెబుదామనుకుంటున్నాను. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు, ఆ కాలంలో ముస్లింలే దీని గురించి గొంతెత్తారు కూడా. 1391-92లో చాద్ సరస్సు దగ్గరి బోర్ను ముస్లిం రాజ్యపు రాజు ఈజిప్టు సుల్తానుకి ఉత్తరం రాశాడు. అరబ్ తెగలు మా మీద పడి, స్వేచ్ఛగా పుట్టిన మా ముస్లింల్ని, నా బంధువుల్ని కూడా పట్టుకెళ్లి అమ్ముతున్నారు, మీ బజార్లలో వెతికించి విడిపించండి అని. ఆ ఉత్తరం పాఠం ఇప్పటికీ ఉంది.

1591లో మొరాకో సైన్యం మాలి తర్వాత ఎదిగిన సొంఘాయ్ రాజ్యం మీద పడింది. ముస్లిం రాజు మీద ముస్లిం రాజు, తుపాకులతో. టింబక్టు పండితుడు అహ్మద్ బాబాని బంధించి మర్రాకేష్ తీసుకెళ్లారు. 1,600 పుస్తకాలు పోయాయి, మా కుటుంబంలో నాదే చిన్న లైబ్రరీ అన్నాడాయన. తర్వాత 1615లో బానిసత్వం మీద గ్రంథం రాసి, నల్లగా పుట్టడం బానిసత్వానికి కారణం కాదని వాదించాడు. ముస్లిం కానివాణ్ణి యుద్ధంలో పట్టుకుంటే తప్పులేదనే అన్నాడు, అదీ చెప్పాలి. ఆయన గీత అక్కడ ఆగిపోయింది.

సీమ_బిడ్డ
భాయ్, ఇది నాకు తెలియని సమాచారం. బోర్ను ఉత్తరం తప్పకుండా రాయండి పాలకొల్లు గారూ.

మెకెల్లే_మాస్టారు
కత్తి ఓడిన చోటు కూడా రాయాలి. 642లోనూ, మళ్లీ 652లోనూ అరబ్ సైన్యం నైలు వెంట నూబియా మీదికి వెళ్లింది. ఇప్పటి సూడాన్. అక్కడి మకూరియా క్రైస్తవ రాజ్యం. నూబియన్ విలుకాళ్లు గురిచూసి కళ్లలోనే కొట్టేవాళ్లట, అరబ్ రచయితలే రాసుకున్నారు. డొంగోలా పట్టణం లొంగలేదు. చివరికి బక్త్ అనే ఒప్పందం కుదిరింది. నూబియా ఏటా 360 మంది బానిసల్ని ఇస్తుంది, ఈజిప్టు వైపు నుంచి ధాన్యం, బట్టలు వస్తాయి, ఎవరి మీదికి ఎవరూ పోరు. ఆటుపోట్లతో ఆరు వందల ఏళ్లు నిలబడింది. అప్పటిదాకా నూబియన్లు తమ చర్చిల గోడల మీద బొమ్మలు గీసుకుంటూనే ఉన్నారు. డొంగోలా సింహాసన మందిరం పైఅంతస్తు 1317లో మసీదు అయినట్టు అక్కడి శాసనం చెబుతుంది.

సీమ గారు చెప్పిన బానిసల మాట ఇక్కడా ఉంది చూడండి. శాంతి ఒప్పందం కూడా మనుషుల్ని లెక్కపెట్టే రాసుకున్నారు.

దారెస్సలాం_రావు
ఆలస్యంగా చూశాను. అందరూ పశ్చిమం మీదే పడ్డారు, తూర్పు తీరాన్ని మరిచిపోయారు. ఉద్యోగరీత్యా టాంజానియాలో ఉంటున్నాను.

దార్ నుంచి దక్షిణంగా మూడొందల కిలోమీటర్లు వెళ్తే కిల్వా మసోకో, అక్కడి నుంచి పడవలో కిల్వా ద్వీపం. పాత పెద్ద మసీదు ఇప్పుడు సగం కప్పుతో ఉంది. గోడ మీద చెయ్యి పెడితే చిన్న చిన్న రంధ్రాలు తగులుతాయి, అది రాయి కాదు, సముద్రంలో తీసిన పగడపు దిమ్మ. నీళ్లలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, అప్పుడే చెక్కేస్తారు, గాలి తగిలితే గట్టిపడుతుంది. సున్నం కూడా పగడం కాల్చిందే. పాత ఇళ్ల గదులు సన్నగా పొడుగ్గా ఉంటాయి. కప్పుకి మడ చెట్ల వాసాలు వేసేవాళ్లు, ఆ వాసం పొడవు ఎంతో గది వెడల్పు అంతే.

బతూతా 1331లో ఇక్కడికీ వచ్చాడు. జింబాబ్వే పీఠభూమి బంగారం ఈ రేవు మీదుగా బయటికి పోయేది. కిల్వా సుల్తాను నాణెం ఒకటి గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికింది. 1505లో పోర్చుగీసువాళ్లు వచ్చి ఊరు దోచుకున్నారు.

ఇక్కడ ఇస్లాం ఎంత మెల్లగా పెరిగిందో చూడాలంటే కెన్యాలో షంగా. 8వ శతాబ్దం చివర్లో చిన్న కర్ర మసీదు, పాతికమంది పట్టేంత. అదే చోట దానిమీద ఇంకొంచెం పెద్దది, దానిమీద ఇంకోటి, ఆఖరికి రాతిది. తవ్వకాల్లో పొరలు పొరలుగా బయటపడ్డాయి. ఒక్క రాత్రిలో ఊరు మారిపోలేదు.

లెక్కల_టీచర్
రావు గారూ, స్వాహిలీ పట్టణాలు అరబ్బులు కట్టినవా, ఆఫ్రికన్లు కట్టినవా? రెండూ విన్నాను.

దారెస్సలాం_రావు
వలస పాలకులు అరబ్బులే కట్టారన్నారు. తర్వాత తవ్వకాలు చేసినవాళ్లు పూర్తిగా స్థానికులదే అన్నారు. 2023లో పాత స్వాహిలీ సమాధుల్లోని 80 మంది డీఎన్‌ఏ చూశారు. తల్లుల వైపు దాదాపు అంతా ఆఫ్రికన్, తండ్రుల వైపు ఎక్కువగా పర్షియన్. కొంత భారతీయ మూలం కూడా కనిపించింది. ఆ కలయిక క్రీ.శ. 1000 ప్రాంతంలో మొదలైంది. వచ్చినవాళ్లు ఆడవాళ్ల ఊళ్లో అల్లుళ్లయ్యారు. ఇంట్లో మాట మాత్రం తల్లి మాటే. స్వాహిలీ బాంటూ భాష, అరబ్బీ పదాలు ఎన్ని చేరినా వ్యాకరణం మారలేదు.

చార్మినార్_చాయ్
మన హైదరాబాద్‌కి కూడా ఇందులో చోటుంది. నిజాం దగ్గర ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది, వాళ్లు ఉన్న పేటే మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్. సిద్దీ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మా చుట్టాల పెళ్లికి బరాత్‌లో మర్ఫా వాయించినవాళ్లలో ఇద్దరు ఆ పేటవాళ్లే. డప్పు మీద ఆ దెబ్బ పడితే కూర్చున్న ముసలాళ్లు కూడా లేస్తారు. దక్కన్‌లో మొఘలుల్ని ముప్పుతిప్పలు పెట్టిన మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయినవాడే.

పాత_నాణేలు
హిందూ మహాసముద్రం మాట వచ్చింది కాబట్టి ఒకటి. మాల్దీవుల్లో బతూతా ఉన్నప్పుడు బంగారు దీనారుకి నాలుగు లక్షల గవ్వలు. అవే గవ్వలు మాలిలో, గావోలో దీనారుకి 1,150. రెండుచోట్లా ఆయనే కళ్లారా చూశాడు. మన దగ్గర అష్టాచెమ్మా ఆడే గవ్వలు అక్కడ సంతలో డబ్బు.

పాలకొల్లు_పాప
ఒక గైడ్ మీద కోపంతో అడిగితే ఇంత వచ్చింది. ఒక్కటే మిగిలింది. కోట ముస్లిం, పొలాలు పాత దేవతలవి అన్నారు నీలాంబరి గారు. మరి ఇప్పుడు మాలి, సెనెగల్, ఉత్తర నైజీరియాల్లో పల్లెలతో సహా ఎక్కువమంది ముస్లింలే కదా? అది ఎప్పుడు జరిగింది?

నీలాంబరి
చాలా ఆలస్యంగా. 18, 19 శతాబ్దాల జిహాద్ ఉద్యమాలు ఒక కారణం. 1804లో ఉస్మాన్ డాన్ ఫోదియో అనే మతగురువు ఉత్తర నైజీరియాలోని హౌసా రాజుల మీద తిరుగుబాటు చేసి సొకోటో రాజ్యం స్థాపించాడు. ఆ రాజులూ ముస్లింలమనే చెప్పుకునేవాళ్లు, మీరు పేరుకే ముస్లింలు అన్నది ఆయన ఆరోపణ. ఆ తర్వాత ఫ్రెంచి, బ్రిటిష్ పాలనలో రోడ్లు పడి, పాత రాజ్యాలు కూలి, వలస కూలీలు ఊళ్లు దాటినప్పుడు సూఫీ గురువుల వెంట పల్లెలు పెద్దఎత్తున మారాయి.

సీమ_బిడ్డ
సొకోటో దగ్గర సువారీ బోధన పనికిరాకుండా పోయిందా, లేక పక్కన అది కూడా నడిచిందా? అక్కడ నాకు చాలా ప్రశ్నలున్నాయి.

తవ్వకాల_పిచ్చి
రెండూ పక్కపక్కనే నడిచాయి, గొడవ కూడా పడ్డాయి. ఇక్కడ ఇరికించకండి, వేరే థ్రెడ్ తెరవండి. ఫోదియో కూతురు నానా అస్మావు పల్లె ఆడవాళ్లకి చదువు చెప్పడానికి టీచరమ్మల్ని తయారుచేసి పంపిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెడదాం.

సీమ_బిడ్డ
ఆదివారం తెరుస్తా. చాయ్ భాయ్, మీరూ రావాలి.